జ్ఞానద్వారానికి బొట్టు

నాకు చిన్నప్పటి నుంచీ ఒక అనుమానం ఉంది. ఎవరినీ గట్టిగా అడగలేదు. దేవుడంటే నమ్మకం లేదనుకుంటారని భయం.

గుడిలో నైవేద్యం పెడతారు. తెర వేస్తారు. లోపల గంట మోగుతుంది. తెర తీసి, స్వామివారు ఆరగించారు అంటారు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒకసారి తెర వేయకముందు పళ్లెంలో బూరెలు లెక్కపెట్టుకున్నాను. తెర తీశాక మళ్లీ లెక్కపెట్టాను. ఒక్కటీ తగ్గలేదు. మా అమ్మనడిగితే "సామి వాసన పీల్చుకుంటాడే" అంది. మా నాయనమ్మనడిగితే నెత్తిన మొట్టికాయ వేసింది. ఆ తరవాత అడగడం మానేశాను గానీ లెక్కపెట్టడం మానలేదు. ప్రతి శనివారం గుడికి వెళతాను, దండం పెట్టుకుంటాను, ఓరకంట లెక్క చూసుకుంటాను. ఎప్పుడూ తగ్గదు. ఎప్పుడూ ఆరగించారనే అంటారు.

తినకుండా తిన్నట్టు ఎలా అవుతుందో నాకు ఇన్నేళ్లలో తెలియలేదు. అందకుండా అందినట్టు ఎలా అవుతుందో మాత్రం మా కోడలి చదువు పుణ్యమా అని తెలిసింది.

మాది బూరుగుపాక. గోదావరి దాటి మన్యం వైపు వెళ్లే దారిలో, కొండలు మొదలయ్యే చోట ఉంటుంది. మా ఆయన పిండిమర నడుపుతాడు. కోడలు సత్యవేణి ఊరి అంగన్‌వాడీలో టీచరు. డిగ్రీ ఉంటే సూపర్‌వైజరు ఉద్యోగానికి పరీక్ష రాసుకోవచ్చు. మా ఇంటికి వచ్చేనాటికి దానిది ఇంటరు చదువు. నాది ఏడు. ఎనిమిదో తరగతికి పక్క ఊరు వెళ్లాలని నన్ను మానిపించేశారు. అందుకే కోడలు దూరవిద్యలో చేరతానంటే ఇంట్లో అందరికంటే ముందు నేనే "చేరిపోవే" అన్నాను.

చేరిన రోజున మా ఊరి ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. "స్వామీ, దీని పుస్తకాలన్నీ ఇంటికి చేరిన రోజున నీకు గారెల దండ వేస్తాను" అని. పాసవ్వాలని మొక్కుకోలేదు. పాసవ్వడం దాని పని, పుస్తకాలు రావడమే దేవుడి పని అని నాకెందుకో అప్పుడే తోచింది.

అనుకున్నట్టే అయింది. మొదటి ఏడాది పుస్తకాలు రెండో ఏడాది వచ్చాయి. రెండో ఏడాది పుస్తకాలు పరీక్షలయ్యాక వచ్చాయి. వాళ్లనీ వీళ్లనీ బతిమాలి, అడిగి తెచ్చుకుని, పొయ్యి దగ్గర చదువుకుని పాసైంది. మూడో ఏడు వచ్చేసరికి సర్వజన సార్వత్రిక విద్యాపీఠం వారు కాగితాన్ని రద్దు చేశారు. ఇకమీదట పాఠాలన్నీ ఫోనులోకే వస్తాయన్నారు. దొరికిన పుస్తకాలతో తక్కినవన్నీ గట్టెక్కాయి గానీ చరిత్ర మూడో పేపరు దొరకలేదు, అది పోయింది. దానికి ఈ వేసవి పరీక్షే ఆఖరు. ఇది కూడా పోతే గడువు తీరిపోతుంది. అప్పుడు పాసైనవి కూడా పోతాయి, మళ్లీ మొదటి ఏడు నుంచి రావాలి.

మా ఊళ్లో ఫోనుకు సిగ్నలుండదు. కాలవ వంతెన మీద, తూర్పు గోడ చివర కూర్చుంటే ఒక్క గీత వస్తుంది. మెసేజీ చదువుకోడానికి ఆ గీత చాలు. పాఠం దిగడానికి చాలదు. ఊళ్లో ఎవరికి ఏ కబురు రావాలన్నా ఆ గోడ మీదికే వస్తుంది. మాఘమాసం చివర్లో ఒక సాయంత్రం సత్యవేణికీ అక్కడే వచ్చింది.

"ప్రియమైన అభ్యాసకులారా! మీ పాఠ్యసామగ్రి మీకు సంపూర్ణంగా అందినది. అభినందనలు. అందనిచో ఈ కింది లింకును నొక్కి తెలియజేయగలరు."

"పుస్తకాలు అందేసాయంట అత్తయ్యా" అంది సత్యవేణి.

"ఎవరికే?"

"నాకేనంట."

ఇద్దరం అటూ ఇటూ చూసుకున్నాం. లింకు నొక్కింది. ఫోనులో ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. పొద్దు వాలింది. చక్రం తిరుగుతూనే ఉంది.

"ఏటిది ఇలా తిరగతానే ఉంది?" అన్నాను.

"ప్రదక్షిణాలు చేత్తందేమో అత్తయ్యా. అయ్యాకా చెప్తాది లెండి."

మర్నాడు గుడికి వెళితే పూజారి రంగాచార్యులు గారు నన్ను చూసి నవ్వారు. వంతెన మీది కబురు ఆయన దాకా వచ్చేసింది.

"ఏమ్మా పేరంటాలూ, కోడలి పుస్తకాలు అందాయటగా? మరి స్వామివారి గారెల దండ మాటేమిటి?"

"అందాయని ఆళ్లంటన్నారండి. మాకైతే అందలేదండి."

"మరి మొక్కు ఎవరి లెక్క ప్రకారం? వారి లెక్కా, మీ లెక్కా?"

నిజమే, పెద్ద విద్యాపీఠం వారు అందిందని రాసి పంపాక, అందలేదనడానికి ఏడు చదివినదాన్ని నేనెవరిని? ఇంటికి వచ్చి సత్యవేణితో చెప్పుకుని బాధపడ్డాను.

"దానికేవుంది అత్తయ్యా" అందది, చాటలో బియ్యం ఏరుకుంటూ. "మనవూ సామికి ఓ మెసేజీ పెట్టేద్దాం. మీ గారెల దండ మీకు సంపూర్ణంగా అందినది, అందకపోతే లింకు నొక్కండి అని."

"తప్పే! లెంపలేసుకో" అన్నాను. నాకూ నవ్వొచ్చింది కనక నేనూ వేసుకున్నాను.

ఆ సోమవారం ఇద్దరం బస్సెక్కి గోకులాపురంలోని అధ్యయన కేంద్రానికి వెళ్లాం. సమన్వయకర్త డాక్టర్ వల్లభరావు గారు చాలా మర్యాదస్తుడు. కూర్చోమన్నారు. ఆయన ముందు కంప్యూటరు ఉంది. ఆ కంప్యూటరు కింద, కంటికి సరైన ఎత్తులో రావడానికి కాబోలు, పుస్తకాలు దొంతరగా పేర్చి ఉన్నాయి.

"మీ సామగ్రి అందిందమ్మా. ఇదిగో పచ్చ గుర్తు" అన్నారు తెర మీద చూపించి.

"అందలేదండి" అంది సత్యవేణి.

"చూడమ్మా, ఇందులో రెండు దశలున్నాయి. ప్రదానం, స్వీకారం. ప్రదానం విద్యాపీఠం బాధ్యత. అది నూటికి నూరు శాతం నిర్వర్తించబడింది. స్వీకారం అభ్యాసకుల స్వయంప్రతిపత్తికి సంబంధించిన విషయం. అందులో మేము జోక్యం చేసుకోం."

"మా ఊళ్లో నెట్టు లేదండి బాబూ" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయారు. "అలా ఎవరూ చెప్పలేదే! నెట్ లేని అభ్యాసకులెందరో తెలుసుకోవడానికి మొన్ననే సమగ్ర సర్వే జరిపాం. నెట్‌లోనే జరిపాం. లేదని ఒక్కరూ నమోదు చేసుకోలేదు."

ఆయన అబద్ధమాడుతున్నట్టు నాకనిపించలేదు. తెర తీసినప్పుడు పూజారి ముఖం ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఆ ముఖం అంత ప్రశాంతంగా ఉంది.

ఇంతలో సత్యవేణి నా మోచెయ్యి గిల్లింది. దాని చూపు కంప్యూటరు కింద ఉంది. దొంతరలో అన్నిటికంటే పైది, ఆకుపచ్చ అట్ట. దాని వీపు మీద రాసి ఉంది: చరిత్ర, మూడో పేపరు.

"అయ్యా, ఆ పుస్తకం..." అంది.

"ఏ పుస్తకం?"

"కంప్యూటరు కిందదండి."

వల్లభరావు గారు వంగి చూసి జాలిగా నవ్వారు. "అది పుస్తకం కాదమ్మా. కాగితరహిత విధానం వచ్చిన నాడే దాన్ని పాఠ్యసామగ్రి జాబితా నుంచి తొలగించి ఫర్నిచర్ జాబితాలో చేర్చాం. ఇప్పుడది మౌలిక సదుపాయం. మౌలిక సదుపాయాన్ని చదవడానికి ఇవ్వడం కుదరదు."

"ఓ వారం ఇయ్యండి బాబూ, దాని బదులు మా పీటెట్టుకుందురు గానీ" అన్నాను. "మంచి టేకు పీట."

"పీటకు బడ్జెట్ పద్దు లేదమ్మా" అన్నారాయన, నిజంగానే బాధపడుతూ.

మేం వచ్చేశాక ఆయన మా మాట పైకి రాసినట్టున్నారు. పై నుంచి పెన్‌డ్రైవులు వచ్చాయి. నెట్ లేనివారి కోసమే చేయించారట. ముఖమల్ పెట్టెలో పెట్టి ఇచ్చారు. పక్క ఊరి హైస్కూలు కంప్యూటరులో పెడితే అది తెరుచుకోవడానికి ఒక సంకేతం అడిగింది. ఆ సంకేతం ఫోనుకు వస్తుంది. ఫోనుకు రావాలంటే వంతెన మీదికి పోవాలి. మా అబ్బాయి వీరబాబు మోటారు సైకిలు మీద వంతెన నుంచి హైస్కూలుకు ఎంత విసురుగా వచ్చినా, వచ్చేసరికి సంకేతానికి కాలం చెల్లిపోయేది. మూడోసారి గేదె అడ్డం వచ్చి కిందపడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. "ఇంక సదువుకి నా రగతం సాలు" అని మానేశాడు. పెన్‌డ్రైవు కూడా స్వీకరించినట్టు పచ్చ గుర్తు పడింది.

అప్పుడు విద్యాపీఠం వారు జ్ఞానద్వారం పథకం పెట్టారు. నెట్ ఊరికి రాకపోతే గ్రంథాలయ ద్వారమే ఊరికి వెళుతుందని దాని సారాంశం. ఒక గురువారం మధ్యాహ్నం వ్యాను వేసుకుని వచ్చి అంగన్‌వాడీ గోడకు గోడంత ఫ్లెక్సీ కట్టారు. పైన జ్ఞానద్వారం అని బంగారు రంగు అక్షరాలు. కింద నల్లటి చుక్కలూ గళ్లూ కలిపి ముగ్గులాంటి బొమ్మ. మూడు మూలల్లో మూడు పెద్ద గళ్లు, నాలుగో మూల ఖాళీ. దాని ముందు నిలబడి ఫోను చూపిస్తే పుస్తకాలన్నీ ఫోనులోకి దిగుతాయట. సత్యవేణి సాయంత్రమే వెళ్లి చూపించింది. చక్రం తిరిగింది. "బొమ్మ వచ్చిందత్తయ్యా, నెట్టు రాలేదు" అంది.

మర్నాడు శుక్రవారం. విద్యాపీఠం పెద్దలు వచ్చి ద్వారం ప్రారంభిస్తారన్నారు. నేను తెల్లవారే లేచి వాకిలి కడిగి, గడపకు పసుపు రాసి బొట్లు పెట్టుకున్నాను. ఆ చేత్తోనే అంగన్‌వాడీ ముందు నీళ్లు చల్లి వద్దామని వెళ్లాను. అంత పెద్ద ద్వారం, పది ఊళ్లకు చదువు తెచ్చే ద్వారం, బోసిగా ఉంది. మా ఇళ్లలో కొత్త వస్తువు ఏదొచ్చినా బొట్టు పెట్టకుండా వాడం. మరకు పెడతాం, మోటారుకు పెడతాం, వీరబాబు మోటారు సైకిలుకు పెట్టాం. సరస్వతి వచ్చి గోడ మీద కూర్చుంటే పెట్టనా? మూడు మూలల గళ్లకూ పసుపు దట్టంగా రాసి, మధ్యన కుంకుమ బొట్లు పెట్టాను. నాలుగో మూల మాత్రం ఏం పాపం చేసిందని అక్కడా ఒకటి పెట్టాను. దండం పెట్టుకుని వచ్చాను.

పది గంటలకు సంచాలకులు ఆచార్య చిదానందమూర్తి గారు దిగారు. డిజిటల్ ప్రదాన విభాగం మొత్తానికి ఆయనే పెద్ద. వెంట వల్లభరావు గారు, ఒక ఇంజనీరు, నెత్తి మీద పళ్లెం ఉన్న వ్యాను. ఆ వ్యాను ఉన్నంతసేపు మా ఊళ్లో నెట్టు ఉంటుందట. ప్రారంభం అయ్యాక వ్యానుతో పాటు వెళ్లిపోతుందట.

ఆచార్యుల వారు ఉపన్యాసమిచ్చి, చప్పట్ల మధ్య ఫోను పైకెత్తారు. ఏమీ రాలేదు. ఒక అడుగు ముందుకు వేశారు. రెండడుగులు వెనక్కి వేశారు. గొంతుక్కూర్చుని చూశారు. ఇంజనీరు దగ్గరికి వెళ్లి గోడ చూసి తెల్లబోయాడు.

"సార్, కోడు కళ్లు మూసేశారు సార్. ఆ మూడు గళ్లూ కనబడకపోతే ఫోను దీన్ని పోల్చుకోలేదు."

"ఎవరు చేశారీ పని?"

నేను ముందుకు వెళ్లాను. "నేనేనండి. శుక్రవారం కదండీ. కొత్త ద్వారం బోసిగా ఉంటే బాగోదని బొట్టెట్టానండి."

తిడతారనుకున్నాను. కానీ ఆచార్యుల వారి ముఖం మెల్లగా విచ్చుకుంది. ఎన్నాళ్లుగానో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు వల్లభరావు గారి వైపు తిరిగారు.

"చూశారా! ఇన్నాళ్లూ వ్యవస్థలో లోపం ఎక్కడుందా అని వెతుకుతున్నాం. లోపం వ్యవస్థలో లేదండీ. వ్యవస్థ మీద ఉంది!"

సత్యవేణి చెయ్యెత్తింది. "అయ్యా, నిన్న సాయంత్రం బొట్టు లేనప్పుడు కూడా చూపించానండి. నెట్టు లేక రాలేదండి."

"నిన్న సాయంత్రానికి బొట్టు పెట్టే ఉద్దేశం గ్రామంలో ఉందా, లేదా?" అని ఆయన నన్నడిగారు.

దేవుడి ఎదురుగా అబద్ధమాడినా ఒకటే, అధికారి ఎదురుగా ఆడినా ఒకటే. "ఉందండి. గురువారం రాత్రే పసుపు తీసి పెట్టుకుంటానండి" అన్నాను.

"రాసుకోండి. ముందస్తు ఉద్దేశం" అన్నారాయన.

వ్యాను వెళ్లిపోయింది. వెనకాలే నెట్టు వెళ్లిపోయింది.

పదిరోజుల్లో ముగ్గురు సభ్యుల అవరోధ విచారణ సంఘం వచ్చింది. వాళ్లు గోడను కొలిచారు. బొట్లను కొలిచారు. పసుపు ఎక్కడిదని అడిగారు.

"మా మరలో ఆడిచ్చిందేనండి బాబూ, కల్తీ లేదండి. కావాలంటే పట్టికెళ్లండి" అన్నాడు మా ఆయన, నా మీద నింద వస్తోందని కంగారు పడుతూ.

నమూనా కింద తలా అరకేజీ పట్టుకెళ్లారు. మర్నాడు ఫోను చేసి ఇంకో కేజీ నమూనా కావాలన్నారు.

వారి నివేదిక సారాంశం వల్లభరావు గారి ద్వారా తెలిసింది. బూరుగుపాకే కాదు, మొత్తం మండలంలో, ఆ పై మండలంలో, ఎవరికి సామగ్రి అందకపోయినా దానికి కారణం బొట్టే. ఫ్లెక్సీ ఇంకా కట్టని ఊళ్లలో కూడా బొట్టే కారణం, ఎందుకంటే ఆ ఊళ్లలో కూడా ఆడవాళ్లున్నారు. విద్యాపీఠం ప్రదానం మాత్రం నిష్కళంకం. ఇక నన్ను శిక్షించడానికి వారికి అధికారం లేదు. నేను అభ్యాసకురాలిని కాను. అందుకని నేరం సత్యవేణి మీద మోపారు. అత్తగారి ద్వారా అవరోధం కలిగించినందుకు దాని ప్రవేశం ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమంటూ అభియోగ పత్రం పంపుతున్నారట.

ఆ మాట విన్న రోజు నాకు ముద్ద దిగలేదు. పరీక్ష ఇంకా నెలన్నర ఉంది. పుస్తకం లేదు సరికదా, ఉన్న ప్రవేశం కూడా నా చేతి పసుపుతో పోయేలా ఉంది.

"నా చెయ్యి ఇరిగిపోను. ఏడు సదివిందాన్ని నాకెందుకే ఆ గోడ గొడవ" అని ఏడ్చాను.

సత్యవేణి నా పక్కన కూర్చుంది. "ఊరుకోండత్తయ్యా. మీరు బొట్టెట్టకపోతే పుస్తకం వచ్చేసేదేటి? వంతెన మీద కూకుని ఇద్దరం చక్రం చూసేవోళ్లం."

"దాన్ని చూసైనా ఆశుండేదే."

"ఆశకి మార్కులెయ్యరండి" అంది.

నాలుగోనాడు పోస్టుమాన్ కామేశం గుమ్మంలో బండి ఆపి, రొప్పుతూ, గోనెగుడ్డలో కుట్టిన కట్ట ఒకటి దింపాడు.

"ఏం నేరం చేసావమ్మా సత్యవేణీ? ఇంత బరువు నేరం ఈ లైన్లో నేనెప్పుడూ మొయ్యలేదు. మేకని మోసుకొచ్చినట్టు మోసుకొచ్చాను."

కుట్టు విప్పాం. పైన అభియోగ పత్రం. కింద ఏదో ఆకుపచ్చగా కనబడింది. సత్యవేణి గబగబా కాగితం చదివింది.

"అత్తయ్యా, వినండి. 'విచారణ నియమావళి ప్రకారం, అవరోధానికి గురైన సామగ్రి యావత్తూ కాగితంపై ముద్రిత రూపంలో నిందితులకు విధిగా అందజేయవలెను. లేనిచో విచారణ చెల్లదు. కనుక చరిత్ర, మూడో పేపరు, సంపూర్ణ ప్రతి ఇందుతో జతపరచడమైనది.'"

అదే పుస్తకం. ఆకుపచ్చ అట్ట మీద కంప్యూటరు పీఠం గుర్తు గుండ్రంగా అచ్చు పడి ఉంది. విద్యార్థికి కాగితం ఇవ్వకూడదని కొత్త నియమం. నిందితుడికి కాగితమే ఇవ్వాలని పాత నియమం. రెంటినీ వారు తు.చ. తప్పకుండా పాటించారు. సత్యవేణి ఆ పుస్తకాన్ని కళ్లకద్దుకుంది. నేను అలవాటుగా కుంకుమ భరిణ అందుకున్నాను.

"ఆగండత్తయ్యా!" అని అరిచింది. తరవాత ఆలోచించి, "సరే పెట్టండి. ఇది ఫోనుకి చూపించే పని లేదు కదా" అంది.

ఈ సంగతి వంతెన మీదికి ఎక్కేసరికి కొండ మీది ఊళ్ల నుంచి కూడా దూరవిద్య పిల్లలు దిగడం మొదలుపెట్టారు. విద్యాపీఠం వారు ఈసారి జాగ్రత్తపడి, ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో ఫ్లెక్సీ చొప్పున అంగన్‌వాడీ ప్రహరీ అంతా కట్టేశారు. ప్రతిదాని కింద ఎర్ర అక్షరాలు: బొట్టు పెట్టరాదు, పెట్టినవారిపై విచారణ జరుపబడును. దాంతో ఎక్కడ ఏం చేయాలో తెలియని వాళ్లకు కూడా తెలిసిపోయింది.

"అమ్మా, నాకు వృక్షశాస్త్రం కావాలండి. ఎక్కడెట్టాలండి?"

"ఆ మూడు గళ్లకీ ఎట్టు నాయనా. ఉంగరం వేలితో ఎట్టు. పసుపు ముందు."

"నాకు ఆర్థికశాస్త్రం రెండో పేపరొక్కటే చాలండి."

"అయితే ఒక్క గోడకే ఎట్టు. ఆశకి పోయి అన్నిటికీ ఎట్టెయ్యకు, బండి మీద కామేశం మొయ్యలేడు."

సువార్తమ్మ అనే పిల్ల దూరంగా నిలబడిపోయింది. ఏమ్మా అంటే, "మేం చర్చికి ఎళ్తావండి. బొట్టు పెట్టుకోవండి" అంది.

"నిన్ను పెట్టుకోమన్లేదు తల్లీ. గోడకి పెట్టమన్నాం. అదీ ఇష్టం లేపోతే ఇదిగో, మా మరలో బియ్యప్పిండి. దాంతో మూసినా అవరోధం అవరోధమే."

పిల్ల నవ్వుకుంటూ పిండి రాసింది. వారం తిరక్కుండా దానికి తెలుగు సాహిత్యం కట్ట వచ్చింది. అభియోగ పత్రంలో పిండిని "తెల్ల బొట్టు" అని రాశారు.

విచారణ పరీక్షలకు వారం ముందు గోకులాపురం అధ్యయన కేంద్రంలో పెట్టారు. మేమంతా బస్సులో కిక్కిరిసి వెళ్లాం. లోపలికి అడుగుపెట్టి చూద్దును కదా, కంప్యూటరు నేల మీద ఉంది. దాని ముందు వల్లభరావు గారు భజనలో కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కింద పెట్టిన పుస్తకాలన్నీ అభియోగాలకు అనుబంధాలుగా వెళ్లిపోయాయి. కాలు విరిగిన బెంచీ కింద ఉన్న గణితం కూడా వెళ్లిపోయింది. ఆ బెంచీ మీద కూర్చున్న ఆచార్య చిదానందమూర్తి గారు ఒక పక్కకు ఒరిగి ఉన్నారు.

"నేరం అంగీకరిస్తున్నారా?" అని అడిగారు సత్యవేణిని.

"అంగీకరిత్తన్నానండి. మొదటి పాఠం నుంచి ఆఖరి పాఠం దాకా అంగీకరిత్తన్నానండి."

ఆయన తీర్పు చదివారు. యువత భవిష్యత్తును దృష్టిలో పెట్టుకుని ప్రవేశాల రద్దు ప్రతిపాదన ఉపసంహరించారు. నిజానికి అందరి ప్రవేశాలూ రద్దు చేస్తే విద్యాపీఠంలో విద్యార్థులు మిగలరని వల్లభరావు గారు నేల మీద నుంచి మెల్లగా గుర్తుచేయడం నేను విన్నాను. దానికి బదులు శిక్ష ఇది: నిందితులందరికీ మూడేళ్లపాటు విద్యాపీఠం నుంచి ఎలాంటి డిజిటల్ సామగ్రీ అందదు.

"ఈ శిక్ష తీవ్రత మీకు అర్థమైందా?"

"అయిందండి" అంది సత్యవేణి తల వంచుకుని. "ఇప్పటిదాకా ఎలాగుందో అలాగే ఉంటాదండి."

వల్లభరావు గారు గొంతు సవరించుకున్నారు. "సార్, మరి అనుబంధాలు? కేంద్రానికి చెందిన ఫర్నిచర్ అండీ. వెనక్కి తీసుకోమంటారా?"

ఇంకా వారం ఉంది పరీక్షకు. సత్యవేణి సంచిని గట్టిగా పట్టుకుంది.

ఆచార్యుల వారు నియమావళి తిప్పారు. చాలాసేపు తిప్పారు. "కుదరదు. అప్పీలు గడువు ముగిసే వరకు సాక్ష్యం నిందితుల వద్దే ఉండాలి. గడువు ఒక సంవత్సరం."

"అప్పటిదాకా నేను?" అన్నారు వల్లభరావు గారు.

మర్నాడు మా వీరబాబుతో మా టేకు పీట ఆయనకు పంపించాను. బడ్జెట్ పద్దు లేకపోయినా తీసుకున్నారట.

సత్యవేణి పరీక్ష రాసింది. ఫలితాలు కేంద్రం తలుపు మీద అంటించారు. పేరు ఉంది. చరిత్రలో మండలంలోకల్లా తనదే ఎక్కువ. ఆ నెలలోనే సూపర్‌వైజరు పరీక్షకు దరఖాస్తు పెట్టింది. ఆ ఏడు మా ప్రాంతంలో అంతమంది పాసవడం జ్ఞానద్వారం విజయమేనని ఆచార్యుల వారికి శాలువా కప్పారు. ఆ సందర్భంలోనే కొత్త ఉత్తర్వు వచ్చింది. నేరాలు గోడ మీద చేయడం వల్ల కాగితం ఖర్చు పెరుగుతున్నందున, ఇకమీదట బొట్టు పెట్టదలచినవారు పోర్టల్‌లోకి వెళ్లి ఆన్‌లైన్‌లోనే పెట్టాలట.

ఇంక మిగిలింది నా మొక్కు. పుస్తకం వచ్చిన నాడే వేయాల్సింది. కానీ వచ్చింది పుస్తకంగా కాదు, సాక్ష్యంగా. తిరిగి ఇచ్చేయమంటే వచ్చినట్టా, రానట్టా? గడువు దొరికాక, ఫలితం తెలిశాక, ఇంక ఏ లెక్క ప్రకారం చూసినా వచ్చినట్టేనని నిర్ధారించుకున్నాను.

శనివారం పొద్దున్నే మినప్పప్పు రుబ్బాను. సత్యవేణి వేయించింది. చిల్లు గారెలు, చిన్నవి, దారానికి గుచ్చి దండ కట్టాం. అయిదేళ్ల బాకీ కదా, స్వామి పాదాల దాకా వచ్చేటట్టు కట్టాం. కొండ ఊళ్ల పిల్లలు కూడా వచ్చారు. సువార్తమ్మ గుడి బయట అరుగు మీద కూర్చుంది.

"ఇవాళ ఎవరి లెక్క ప్రకారం పేరంటాలూ?" అన్నారు రంగాచార్యులు గారు దండ అందుకుంటూ.

"అందరి లెక్కా కలిసిందండి" అన్నాను.

దండ వేశారు. తెర వేశారు. లోపల గంట మోగింది. తెర తీశారు. గారెలు నిగనిగలాడుతూ దండలో అలాగే ఉన్నాయి.

"స్వామివారు ఆరగించారు" అన్నారాయన. అని ఊరుకోలేదు. దండ తీసి, దారం తెంపి, గారెలు పళ్లెంలో పోసి, ఒక్కొక్కరి చేతిలో పెట్టుకుంటూ వచ్చారు. సత్యవేణి చేతిలో పెట్టారు. పిల్లల చేతుల్లో పెట్టారు. మెట్లు దిగి అరుగు దాకా వెళ్లి సువార్తమ్మను, "తింటావా తల్లీ?" అని అడిగారు. "తింటానండి" అని రెండు చేతులూ చాపింది.

నా చేతిలోనూ ఒకటి పడింది. ఇంకా వేడిగా ఉంది. పళ్లెంలో ఎన్ని మిగిలాయో నేను చూడలేదు.